కొనమని అడగడం లేదు, బీరువాలో చోటివ్వండి: విశాఖ జిల్లా గ్రంథాలయ సంస్థకు బహిరంగ లేఖ

విశాఖపట్నం జిల్లా గ్రంథాలయ సంస్థ అధ్యక్షులకు, కార్యదర్శిగారికి, శాఖా గ్రంథాలయాల్లో పనిచేస్తున్న గ్రంథపాలకులందరికీ

నమస్కారం.

ఈ జిల్లా గురించి, ఈ జిల్లా మనుషుల గురించి ఎవరైనా సొంత డబ్బుతో పుస్తకం వేసుకుంటే, ఆ పుస్తకం రెండు ప్రతులు తీసుకుని, రిజిస్టరులో ఎక్కించి, నంబరు వేసి, అడిగినవాళ్లకు తీసి చూపించే ఏర్పాటు చేయమని కోరడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను. కొనమని అడగడం లేదు. కొనుగోళ్లకు కమిటీలుంటాయి, నిబంధనలుంటాయి. వాటి జోలికి రాను. ఉచితంగా ఇస్తే తీసుకుని పదిలంగా ఉంచమంటున్నాను. ఎందుకు ఉంచాలో చెప్పడానికి కాస్త ఎక్కువే రాయాల్సి వస్తోంది. ఓపికపట్టి చివరిదాకా చదవండి.

మా నాన్నగారు ఉక్కు నిర్వాసితులు. 1966లో "విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు" అంటూ రాష్ట్రమంతా లేచింది. 32 మంది ప్రాణాలిచ్చారు. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ వచ్చి శంకుస్థాపన చేశారు. ఆ తర్వాత ఉక్కు ప్లాంటు కోసం 64 ఊళ్లు, 22 వేల ఎకరాలకు పైగా భూమి, 16 వేలకు పైగా కుటుంబాలు. ఈ అంకెలు అందరూ చెప్పేవే. ఆ 64లో ఒకటి మాది. ఊరు ఖాళీ చేసేనాటికి నాన్నగారికి పాతికేళ్లు. నిర్వాసితులకిచ్చిన ఆర్ కార్డు మీద ప్లాంటులోనే ఉద్యోగం వచ్చింది. 2011లో రిటైరయ్యారు. ఇంకో రెండేళ్లకు పీఎఫ్ డబ్బులో కొంత తీసి మా ఊరి మీద పుస్తకం వేశారు. డెమ్మీ సైజు, 176 పేజీలు, 500 ప్రతులు. గాజువాకలో డీటీపీ చేయించుకుని, ప్రూఫులు ఆయనే దిద్దుకున్నారు. ప్రచురణకర్త అని రాయాల్సిన చోట మా అమ్మ పేరు రాశారు.

పుస్తకంలో సగానికి సగం భూసేకరణ నోటీసులు, నష్టపరిహారం లెక్కలు, కోర్టు కాగితాలు. ఆయన దృష్టిలో అసలు పుస్తకం అదే. ఆ కాగితాలు చెదలు తినకముందే అచ్చులో పెట్టాలని పట్టుబట్టి వేశారు. మిగతా సగంలో ఊరుంది. ఏ వీధిలో ఏ ఇంటి పక్కన ఏ ఇల్లు, ఎవరి కల్లం ఎక్కడ, ఏ నుయ్యి ఎవరు తవ్వించారు, గెడ్డ ఎక్కడ మలుపు తిరిగేది, ఏ చింతచెట్టు ఎవరిది, కొత్త అమావాస్యకి నూకాలమ్మ పండగ చేస్తే ఘటం మొదట ఎవరింటి నుంచి బయల్దేరేది. నోటీసుల సంగతి చెప్పేముందు ఊరు ఎలా ఉండేదో నాలుగు ముక్కలు చెబుదామని మొదలుపెట్టారు. అది పెరిగి పెరిగి సగం పుస్తకమైంది.

చదివినవాళ్లు ఆ ముందు సగాన్నే పట్టుకున్నారు. లెక్కల అధ్యాయం గురించి మాట్లాడినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. నూతుల పేజీ గురించి ఇవాళ్టికీ ఫోన్లు వస్తాయి.

ఫోన్లు ఎందుకొస్తాయో మీకు తెలుసు. సొంతంగా వేసుకున్న తెలుగు పుస్తకం ఏది తెరిచినా లోపలి పేజీలో, వెల కింద, "ప్రతులకు" అని రచయిత ఇంటి చిరునామా, ఫోన్ నంబరు ఉంటాయి. ప్రచురణ సంస్థల పుస్తకాల్లో అక్కడ పుస్తకాల షాపుల పేర్లుంటాయి. షాపుకి ఫోన్ చేసేవాళ్లు వెల అడిగి పెట్టేస్తారు. రచయిత ఇంటికి ఫోన్ చేసినవాళ్లు అలా పెట్టేయరు. తమ తాత పేరు చెబుతారు, ఏ పేజీలో ఉన్నాడో చెబుతారు, ఇంకో గంట మాట్లాడతారు. నాన్నగారు 2019లో పోయారు. ఆ నంబరు నేను వదిలేయలేదు. రీచార్జి చేయించుకుంటూ నా దగ్గరే ఉంచుకున్నాను. అచ్చయిపోయిన పుస్తకం ఆ తర్వాత ఎన్ని ఇళ్లు తిరుగుతుందో, ఏ ఇంట్లో ఏమవుతుందో నాకు ఆ ఫోను చెప్పింది.

అగనంపూడి కాలనీలో ఒక పెద్దావిడ ఉంది. చదువు రాదు. మనవడిని పక్కన కూచోబెట్టుకుని నూతుల పేజీ ఒక్కటే చదివించుకుంటుంది. "మా అప్ప ఈ నూతికాడే నీలు తోడీదమ్మా, నాను బిందె పట్టుకోని నిలబడీదాన్ని" అని నాకు ఫోన్లో చెప్పింది. మళ్లీ మళ్లీ చదివి ఆ పిల్లాడికి పేజీ కంఠతా వచ్చేసింది. వాడు పుట్టింది కాలనీలో, సెక్టారు నంబరున్న ఇంట్లో. ఊరు వాడి అమ్మా నాన్నా కూడా సరిగా ఎరగరు. కానీ రామకోవెల దగ్గర నిలబడితే కుడివైపు ఎవరిల్లు, ఎడమవైపు ఎవరి పశువులశాల, అడిగితే గడగడా చెప్పేస్తాడు.

వడ్లపూడి నుంచి ఇంకొకాయన ఫోన్ చేశాడు. కొడుక్కి సంబంధం చూస్తున్నారు. "మీ నాన్నగారి పుస్తకంలో మా తాత ఇల్లు కింద వీధిలో ఉందండి. పిల్లవాళ్ల తాత ఇల్లు మాకెదురు. రెండిళ్లకీ ఏదో చుట్టరికం ఉందని రాశారు. వరస కలుస్తాదా, తప్పుతాదా?" అని అడిగాడు. ఊరు చెదిరి నలభై ఏళ్లు దాటాక, ఎవరు ఎవరికి ఏమవుతారో చెప్పే పెద్దలు ఒక్కొక్కరే పోయాక, వరసలు చూసుకోవడానికి వాళ్లకు మిగిలింది ఆ ఇళ్ల పట్టిక. మా అమ్మ పుస్తకం ముందేసుకుని, తనకు గుర్తున్నది జతచేసి, మేనరికపు వరసేనని తేల్చింది. పెళ్లయింది. శుభలేఖలో ఇద్దరి ఇంటిపేర్ల కింద కాలనీ పేరు వేయించలేదు, ఊరి పేరు వేయించారు. ఆ పేరుతో ఇప్పుడు ఊరు లేదు, బస్సు స్టాపు లేదు. శుభలేఖ అందుకున్నవాళ్లందరికీ ఎక్కడో తెలుసు.

పెదగంట్యాడలో ఒక కుటుంబం తల్లి పెద్దకర్మకు వచ్చినవాళ్లకు స్టీలు పళ్లేలతో పాటు ఆవిడ పుట్టిన వీధి ఉన్న పేజీలు జిరాక్సు తీయించి పంచిపెట్టారు. కొందరు తమ ఇల్లున్న పేజీని అర్జీలకు గుచ్చారు. ఆర్ కార్డు పోయినవాళ్లు, కార్డులో పేరు తప్పు పడినవాళ్లు. అచ్చులో ఉన్నంతమాత్రాన అది సాక్ష్యం కాదన్నారు, చెల్లలేదు. అయినా గుచ్చడం మానలేదు. "చెల్లకపోతే పోనీయమ్మా, సంతకం పెట్టే ఆయన ఒకపాలి చదువుతాడు కదా, ఇక్కడో ఊరుండీదని తెలుస్తాది కదా" అన్నాడొకాయన. ఆ మాట విన్నాక ఆ పుస్తకం విలువ గురించి ఎవరితోనూ వాదించాల్సిన అవసరం నాకు కనిపించలేదు.

మా ఊరివాళ్లే చదివారనుకోకండి. పోలవరం ముంపులో ఊరు వదిలి పునరావాస కాలనీకి వచ్చిన ఒక టీచరుగారు ఉత్తరం రాశారు. పుస్తకంలో గెడ్డ అని ఉన్నచోటల్లా ఆవిడ గోదారి అని చదువుకున్నారట. నూకాలమ్మ అని ఉన్నచోట వాళ్ల అమ్మవారి పేరు పెట్టుకున్నారట. సగం దాటేసరికి అది వాళ్ల ఊరైపోయిందని రాశారు. ఇప్పుడు తన బడి పిల్లలను ఇళ్లకు పంపి, అవ్వాతాతల్ని అడిగి వీధులు రాసుకు రమ్మంటున్నారట. నాన్నగారికి పోలవరం ఏమిటో పేపర్లో చదివి తెలుసుకోవడమే. ఆయన తన ఊరి గురించి రాసుకున్నారు. ఇంకో ఊరి పిల్లలు దాన్ని నోటుపుస్తకాల్లో కొనసాగిస్తున్నారు.

2021 సంగతి కూడా చెప్పాలి. ఆ ఏడాది జనవరిలో ప్లాంటులో నూరు శాతం వాటా అమ్మడానికి కేంద్రం నిర్ణయం తీసుకుంది. ఫిబ్రవరి నుంచి కూర్మన్నపాలెం కూడలిలో రిలే నిరాహార దీక్షలు మొదలయ్యాయి. శిబిరానికి ఎవరో మా నాన్నగారి పుస్తకం పట్టుకొచ్చారు. ఒక యువకుడు మైకు తీసుకుని ఇళ్ల పట్టిక చదివాడు. వ్యాఖ్యానం లేదు, నినాదం లేదు, వీధి పేరు, ఇంటిపేరు, ఆ ఇంటి పెద్ద పేరు, అంతే. తమ ఇంటిపేరు వినిపించగానే కింద కూచున్నవాళ్లు చెయ్యెత్తారు. కొందరు లేచి నిలబడ్డారు. నేను అక్కడే ఉన్నాను. నాన్నగారు ఆ పుస్తకాన్ని ప్లాంటు మీద కోపంతో రాశారు. ఆ కోపం ప్రతి పేజీలో కనిపిస్తుంది, దాచుకోలేదు. ఆయన పోయిన రెండేళ్లకు అదే పుస్తకాన్ని ప్లాంటును నిలబెట్టుకోవడం కోసం చదివారు. భూమి ఇచ్చినవాళ్లం మేము, అమ్మడానికి మీరెవరు అన్న ప్రశ్నకు ఆ పట్టికే ఆధారమైంది. రాసినాయన ఉద్దేశానికి ఇది ఎదురని నేను అనుకోను. ఆయన వేసిన చోట నుంచి చదివినవాళ్లు ముందుకు తీసుకెళ్లారు. బతికున్న పుస్తకానికి జరగాల్సింది అదే.

ఇక ప్రతుల సంగతి. 500లో చాలా భాగం నాన్నగారే చేతికిచ్చి పంచేశారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఇంట్లో ఉన్న కట్టలు కొన్ని తడిసిపోయాయి. అమ్మ వాటిని డాబా మీద విప్పి ఆరబెట్టింది. గమ్ముతో అతికించిన బైండింగ్ కావడంతో ఆరేలోపే పేజీలు ఊడిపోయాయి. తుఫాను తగ్గిన వారం రోజుల్లో రేకులు ఎగిరిపోయిన ఇళ్లవాళ్లు కొందరు మా ఇంటికి వచ్చారు. రేషను కార్డు తడిసింది, పట్టా తడిసింది, పుస్తకం కూడా తడిసింది, ఇంకొకటి ఉంటే ఇయ్యండి అని అడిగారు. తడిసిపోయిన ముఖ్యమైన కాగితాల లెక్కలో దాన్ని కలిపి చెప్పారు.

ఈ మధ్య పేజీలు వాట్సాపులో తిరుగుతున్నాయి. సంతోషమే. కానీ ఎవరి వీధి వాళ్లు ఫోటో తీసి పంపుకుంటున్నారు. పుస్తకం వీధివీధిగా విడిపోతోంది. ఎదురింటివాళ్లెవరో తెలియాలంటే పక్క పేజీ కావాలి. మొత్తం పుస్తకం ఒక్కచోట, ఎవరైనా వెళ్లి తెరవగలిగిన చోట ఉండాలి. అలాంటి చోటు గ్రంథాలయం తప్ప నాకింకొకటి కనిపించడం లేదు. నా ఫోను నా తర్వాత ఎవరు రీచార్జి చేయిస్తారు?

ఆ ఉద్దేశంతోనే ఊళ్లో ఒక గ్రంథాలయానికి ప్రతి పట్టుకెళ్లాను. పేరు అనవసరం. పుస్తకాలకిచ్చే ఐఎస్‌బీఎన్ నంబరు లేదు కాబట్టి రిజిస్టరులో ఎక్కించలేమన్నారు. విడిగా బల్ల మీద పెట్టి వెళ్లమన్నారు. బల్ల మీద పెట్టిన పుస్తకం ఎన్నాళ్లుంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఐఎస్‌బీఎన్ మంచిదే. మన దేశంలో రాజా రామ్మోహన్ రాయ్ పేరుతో ఉన్న జాతీయ ఏజెన్సీ దాన్ని ఉచితంగానే ఇస్తుంది. ఇకముందు వేసుకునేవాళ్లు తీసుకోవాలి. కానీ అది పుస్తకాల వ్యాపారం సులువు కావడానికి పుట్టిన నంబరు. అది లేని పుస్తకం పుస్తకం కాదని ఏ చట్టమూ చెప్పదు. చెప్పేదల్లా 1954 నాటి కేంద్ర చట్టం. పుస్తకం వేసిన ప్రతివారూ నెల రోజుల్లో కలకత్తాలోని జాతీయ గ్రంథాలయానికి, మద్రాసు కన్నెమరా గ్రంథాలయంతో సహా మరి మూడింటికి, తమ ఖర్చుతో ఒక్కో ప్రతి పంపాలని ఆ చట్టం. పెద్ద ప్రచురణకర్తా సొంతంగా వేసుకున్న రైతూ అని అందులో తేడా లేదు. నాన్నగారు ప్లాంటులో పనిచేసినవారు, నియమం అంటే నియమమే. అన్నిచోట్లకూ పంపారు. కాబట్టి మా ఊరి నూతుల జాబితా కలకత్తాకు వెళ్లింది, మద్రాసుకు వెళ్లింది. ఆ నూతుల నీళ్లు తాగినవాళ్లు ఉన్న గాజువాకలో మాత్రం దానికి చోటు లేదు.

ఈ జిల్లా గ్రంథాలయాలు మావి కూడా. 1960 నాటి ప్రజా గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్ను రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా కడుతున్నాం. కాలనీలవాళ్లూ కడుతున్నారు. ఆ లెక్క చూపించి హక్కులు మాట్లాడదామని కాదు. ఆ పెద్దావిడ పైసలు కూడా అందులో ఉన్నాయని గుర్తుచేస్తున్నాను.

మీకు ఒక భయం ఉంటుంది. అదీ న్యాయమైనదే. తలుపు తెరిస్తే ఎవరెవరు ఏమేమి తెచ్చి ఇస్తారో! షష్టిపూర్తి సంచికలు, ఎవరూ చదవని పద్యాలు, వంశాల గొప్పలు. నిజమే, సొంతంగా వేసుకున్నవన్నీ మంచివి కావు. చాలావాటిని నేనూ పూర్తిగా చదవలేకపోయాను. కానీ ఏది ఎవరికి పనికొస్తుందో తలుపు దగ్గర నిలబడి చెప్పగలిగినవాళ్లెవరూ లేరు. మా నాన్నగారి పుస్తకం సాహిత్యమా అని అడిగితే కాదనే అంటాను. వచనం చాలాచోట్ల అర్జీ భాషలో ఉంటుంది. ఆ ఇళ్ల పట్టికను ఏ ఎంపిక కమిటీ ముందు పెట్టినా పక్కన పెట్టేస్తారు, వాళ్ల తప్పు కాదు. దాని విలువ పుస్తకంలోనే ఉంటే వాళ్లకు కనిపించేది. అందులో పేరున్నవాళ్లు తెరిచినప్పుడే అది పుడుతుంది. గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్‌గారు 1931లో రాసిన ఐదు సూత్రాల్లో ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు అని ఒకటుంది కదా. మీరంతా పరీక్షలకు చదువుకున్నదే. ఆ పాఠకుడు వచ్చేదాకా పుస్తకం ఉండాలి. ఉంచడం మీ చేతిలో పని.

కాళీపట్నం రామారావు మాస్టారు మన విశాఖలోనే బడిపంతులుగా చేశారు. 1997లో ఆయన శ్రీకాకుళంలో కథానిలయం పెట్టినప్పుడు గొప్ప కథలే ఉంచుతానని అనలేదు. అచ్చయిన తెలుగు కథ ప్రతిదీ ఉండాలన్నారు. ఇవాళ పరిశోధకులు అక్కడికి వెళ్లి, ఇంకెక్కడా దొరకని పత్రికల్లోని, ఎవరికీ గుర్తులేని రచయితల కథలు చదువుకుంటున్నారు. ఒక పంతులుగారు తలపెట్టి చేయగలిగిన పని, చట్టం అండ ఉన్న సంస్థ ఈ ఒక్క జిల్లా మేరకు చేయలేదా?

జిల్లా మేరకే అడుగుతున్నాను. ఫిషింగ్ హార్బరులో మరపడవ నడిపినాయన, కేజీహెచ్‌లో రాత్రి డ్యూటీలు చేసిన నర్సు, సింధియా దగ్గర షిప్‌యార్డులో వెల్డింగు చేసినాయన, కొండవాలు కాలనీలో పాటలు కట్టుకున్న తల్లి, ఇలాంటివాళ్లు వేసుకున్న పుస్తకాలు ఈ ఊళ్లో ఉన్నాయి. మంచాల కింద అట్టపెట్టెల్లో ఉన్నాయి. ఒక్కో శాఖలో ఒక్కో బీరువా, మహా అయితే రెండు. దాని మీద "మన జిల్లా" అని ఒక పలక.

ఇంకొక్కటి అడుగుతాను, ఇది మీకు వింతగా తోచవచ్చు. రెండు ప్రతుల్లో ఒకటి కొత్తది తీసుకోండి. రెండోది పాఠకుడి దగ్గర నలిగిన ప్రతి తీసుకోండి. ఒక కుటుంబం ఇల్లు మారుతూ నాన్నగారి పుస్తకం నాకు తిరిగిచ్చింది. అంచుల నిండా రాతలే. ఇళ్ల పట్టిక పక్కన ఎవరు పోయారు, ఎవరు హైదరాబాదు వెళ్లారు, ఎవరి కూతురిని ఎక్కడ ఇచ్చారు, ఫోన్ నంబర్లు, రెండు చోట్ల వేరే చేతిరాతలో "ఇది కాదు, వీళ్లది పడమటి ఇల్లు" అని. పిల్లలెవరో చింతచెట్ల పేజీలో పెన్సిలుతో చెట్టు గీశారు. గ్రంథాలయ నిబంధనల ప్రకారం రాతలున్న పుస్తకం పాడైన పుస్తకం. ఈ బీరువా వరకు ఆ నిబంధన సడలించండి. ముప్పై ఏళ్ల తర్వాత మా ఊరి గురించి తెలుసుకోవాలని ఎవరైనా వస్తే, నాన్నగారు రాసినదానికన్నా ఆ అంచుల్లో ఉన్నదే వాళ్లకు ఎక్కువ చెబుతుంది. ఆయన ఊరు ఎలా ఉండేదో రాశారు. ఊరు పోయాక మనుషులు ఏమయ్యారో చదివినవాళ్లు రాశారు.

ఫోన్ నంబర్లున్న పేజీలు అందరికీ చూపించడం బాగుండదు. వాటిని కాగితం అంటించి మూసి ఇస్తాను. ఆ కుటుంబాన్ని అడిగి ఒప్పించాను కూడా.

మీ సమావేశంలో ఈ సంగతి పెట్టి, అవునో కాదో ఒక ముక్క రాయండి. అవునంటే గాజువాక శాఖతో మొదలుపెట్టండి. కొత్త ప్రతి ఒకటి, ఆ నలిగిన ప్రతి ఒకటి, పోలవరం టీచరుగారి ఉత్తరంతో సహా పాఠకుల ఉత్తరాల జిరాక్సులు, మీరు చెప్పిన రోజున నేనే తెచ్చి ఇస్తాను. రసీదు మీద మీ రిజిస్టరు నంబరు వేసి ఇవ్వండి చాలు. ఫోన్ చేసినవాళ్లకు ఇకనుంచి ఆ నంబరు చెబుతాను.

ఇట్లు
ఒక ఉక్కు నిర్వాసితుడి కూతురు
గాజువాక, విశాఖపట్నం